నీళ్ళలో మునిగిన ఆటోమేటిక్ డిజైర్‌కి మాన్యువల్ గేర్‌బాక్స్ ఎక్కించవచ్చా?

సింగ్‌నగర్ డిజైర్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. నా దగ్గర 2014 స్విఫ్ట్ డిజైర్ పెట్రోల్ వీఎక్స్ఐ ఆటోమేటిక్ ఉంది. 4 గేర్లది, ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే మోటారుతో మార్చే రకం) కాదు, క్లచ్ బదులు నూనెతో శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న బండి. నాన్నకి ఎడమ మోకాలు నొప్పి, క్లచ్ తొక్కలేరని అప్పట్లో ఏరికోరి ఆటోమేటిక్ తీసుకున్నాం. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు బండి కింద పార్కింగ్‌లోనే ఉంది. బయటికి తీసే టైమ్ కూడా దొరకలేదు, చూస్తుండగానే సీట్లు మునిగాయి. నీళ్ళు తగ్గేదాకా మేం మేడమీద, బండి కింద నీళ్ళలో. ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే కాబట్టి క్లెయిమ్ అన్న మాటే లేదు.

ఒక్క మంచి పని చేశాం, ఎవరెంత చెప్పినా తాళం తిప్పలేదు. క్రేన్ పెట్టి ఆటోనగర్ తీసుకెళ్తే ప్లగ్గులు విప్పి సిలిండర్లు ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్ మూడుసార్లు మార్చి అప్పుడు స్టార్ట్ చేశారు. ఇంజిన్ బతికింది, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ బాగుంది. గేర్‌బాక్స్ ఆయిల్ దించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ అచ్చం రోజ్ మిల్క్ లాగా వచ్చింది, నురగతో సహా. రెండుసార్లు కొత్త ఆయిల్ పోసి తీసేశారు, మూడోసారి పోసింది ఎర్రగానే నిలిచింది, హమ్మయ్య అనుకున్నాం.

ఏడాది పైన బాగానే తిరిగింది. ఇప్పుడు రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం దాకా అరుస్తుంది కానీ బండి వేగం అందుకోదు. చల్లగా ఉన్నప్పుడు పర్వాలేదు, వేడెక్కితేనే ఈ గోల. నేను రోజూ గుంటూరు వెళ్ళి వస్తాను, మొన్న సాయంత్రం వారధి మీద ట్రాఫిక్‌లో లివర్ డీ (డ్రైవ్) లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే బండి కదలనే లేదు, వెనక లారీవాడి హారన్, పక్కన మా ఆవిడ, ఆ పది నిమిషాల టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

మా మెకానిక్ గేర్‌బాక్స్‌లో ప్లేట్లు పోయాయి అంటున్నాడు. కొత్త ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రేటు అడిగితే బండిని అమ్మితే వచ్చే డబ్బులో సగం పైనే చెప్పారు. అందుకని తుక్కులో విప్పుతున్న రిట్జ్ బండి మాన్యువల్ గేర్‌బాక్స్ తెచ్చి ఎక్కిస్తానంటున్నాడు. ఇంకో షాపులో అడిగితే, ఆటోమేటిక్ ఇంజిన్ వేరు, మాన్యువల్ ఇంజిన్ వేరు, క్రాంకే (పిస్టన్లు తిప్పే ఇరుసు) కలవదు, డబ్బులు తగలేసుకోకు అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? అసలు ఏమేం మార్చాలి? చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ మాట మీదే నిర్ణయం తీసుకోవాలనుకుంటున్నాను.

ఆటోనగర్ మెకానిక్:

తమ్ముడూ, ఇద్దరూ సగం సగం చెప్పారు. ఇంజిన్ ఒకటే. బ్లాకు, హెడ్డు, పిస్టన్లు వేటిలోనూ మాన్యువల్ డిజైర్‌కీ నీ బండికీ నువ్వు పట్టించుకోవాల్సిన తేడా లేదు. తేడా అంతా క్రాంక్ తోక దగ్గర, అక్కడి నుంచి వెనక్కి.

ఆటోమేటిక్ బండికి క్రాంక్ చివర ఉండేది ఫ్లైవీల్ కాదు, ఫ్లెక్స్ ప్లేటు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, మందపాటి అట్లపెనం అంత కూడా బరువుండదు, రేకు. బరువు సంగతి నూనె నిండిన టార్క్ కన్వర్టర్ చూసుకుంటుంది కాబట్టి రేకు సరిపోతుంది. మాన్యువల్‌కి ఆ రేకు తీసేసి పోత ఇనుప ఫ్లైవీల్ బిగించాలి, దాని మీద క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, గేర్‌బాక్స్ వైపు రిలీజ్ బేరింగు. ఇక్కడ చాలామంది చేసే తప్పు, రేకుకి ఉన్న బోల్టులే ఫ్లైవీల్‌కి వాడేయడం. ఫ్లైవీల్ మందం ఎక్కువ కాబట్టి ఆ పొట్టి బోల్టు క్రాంక్‌లోకి నాలుగు చుట్లు కూడా పట్టదు. తిరిగేటప్పుడు ఊడితే ఏమవుతుందో రాయను, నా కళ్ళతో చూశాను. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే కొను, చాలా ఇంజిన్లలో అవి ఒక్కసారికే పనికొస్తాయి, బిగించడం కూడా టార్క్ రెంచితోనే.

ఇక క్రాంక్ కలవదు అన్న మాట. అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, కొన్ని ఇంజిన్లలో గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌లోకి తీసుకెళ్ళే కడ్డీ) కొస క్రాంక్ చివరి రంధ్రంలో ఉండే చిన్న బేరింగులో కూర్చుంటుంది, పైలట్ బేరింగు అంటారు. ఆటోమేటిక్‌కి ఆ రంధ్రంలో కన్వర్టర్ ముక్కు కూర్చుంటే చాలు, బేరింగు అక్కర్లేదు. దాంతో కొన్ని కంపెనీలు ఆటోమేటిక్ బండి క్రాంక్‌లో ఆ రంధ్రాన్ని బేరింగు కొలతకి సాఫు చేయకుండా వదిలేస్తాయి. కొన్ని బళ్ళలో ఆ బేరింగు ఫ్లైవీల్ మధ్యలోనే ఉంటుంది, ముందు చక్రాలు లాగే కొన్ని బళ్ళలో అసలు ఉండదు. కాబట్టి గేర్‌బాక్స్ దించిన రోజు, ఇంకేమీ బిగించకముందే వెర్నియర్ పెట్టి రంధ్రం లోతు, వెడల్పు కొలిపించు. తుక్కు బండి ఇన్‌పుట్ షాఫ్టు కొస కూడా కొలిపించు. ఆ రెండు అంకెలు కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే క్రాంక్ కలుస్తుందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు. ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు కూడా అప్పుడే సరిచూడండి.

రిట్జ్ గేర్‌బాక్స్ ఇంజిన్‌కి పట్టొచ్చు, కాదనను. కానీ నీకు కావలసింది గేర్‌బాక్స్ ఒక్కటే కాదుగా. క్లచ్ పెడల్ సెట్టు, క్లచ్ కేబుల్, గేర్ లివర్, దాని కేబుళ్ళు, గేర్‌బాక్స్ మౌంటింగు, దాని బ్రాకెట్టు, రెండు యాక్సిళ్ళు, సెల్ఫ్ మోటారు. ఇవన్నీ 2012 తర్వాతి డిజైర్ గానీ అదే తరం స్విఫ్ట్ పెట్రోల్ గానీ అయితే ఉన్నవి ఉన్నట్టు పడతాయి, వేరే బండివైతే ఒక్కోదానికి వెల్డింగు, కోత, ఆ తర్వాత చప్పుళ్ళు. యాక్సిల్ అయితే మరీ ముఖ్యం, పొడవు ఒక అంగుళం తేడా వచ్చినా, పళ్ళ సంఖ్య మారినా పనికిరాదు. వెనక గుద్దించుకున్న మాన్యువల్ బండి దొరికిందాకా ఆగు. ముందు భాగం మొత్తం ఒకే బండి నుంచి తీసుకో, ఫ్లైవీల్‌కి ఫేసింగ్ కొట్టించు (మొహం నున్నగా చెక్కించు), క్లచ్ సెట్టు మాత్రం కొత్తది వెయ్యి. క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా మార్చేయించు, అది వందల్లో పోయే పని, తర్వాత లీకైతే మళ్ళీ గేర్‌బాక్స్ దించాలి.

పటమట కారు:

నేను మెకానిక్‌ని కాదండీ, కానీ ఒక మాట అడుగుతాను. నాన్నగారి మోకాలి కోసం కొన్న బండి అన్నారు. రేపు క్లచ్ పెట్టాక ఆ బండి నడిపేది ఎవరు? మా ఇంట్లో అమ్మ ఆటోమేటిక్ ఒక్కటే నడుపుతుంది. అలాంటి వాళ్ళు ఉంటే ఇదంతా చేయించి ప్రయోజనం ఏముంది? పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి యాక్సిడెంట్ బండిది వెతికించండి, లేదా ఉన్నదానికే ప్లేట్ల కిట్టు వేయించండి. బండి కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంటుంది, వైర్లు కదపక్కర్లేదు.

సింగ్‌నగర్ డిజైర్:

మంచి ప్రశ్న అండి. నాన్నకి రెండేళ్ళ క్రితం మోకీలు మార్పిడి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత ఆయనే డ్రైవింగ్ మానేశారు. ఇప్పుడు నడిపేది నేను, మా ఆవిడ. తను డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నది మాన్యువల్ బండి మీదే. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కోసం నెల రోజులుగా ఆటోనగర్‌లో తిరుగుతున్నాను. ఒక్కటే దొరికింది, అది కూడా ఇదే వరదలో మునిగిన బండిది. ఆయిల్ పుల్ల లాగి చూస్తే మళ్ళీ అదే రోజ్ మిల్క్.

ఆటోనగర్ మెకానిక్:

అది ముట్టుకోవద్దు. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్ల మీద ఉండేది ఒక రకం కాగితం లాంటి పూత, జిగురుతో ఉక్కు ప్లేటుకి అంటించి ఉంటుంది. నీళ్ళు ఆ కాగితంలోకి పీల్చుకుపోతాయి, జిగురు వదిలేస్తుంది. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా కన్వర్టర్‌లోనూ, ఆయిల్‌ని దారి మళ్ళించి గేర్లు మార్చే వాల్వ్ బాడీలోనూ ఇరుక్కున్న నీళ్ళు ఒక పట్టాన పోవు. నీ బండికీ జరిగింది ఇదే, ఏడాది ఆగి బయటపడింది.

గుంటూరు వైరింగ్:

ఇనుప పని మెకానిక్ అన్న బాగా చెప్పారు. నేను పదిహేనేళ్ళుగా కార్ల వైరింగ్ చేస్తున్నాను, ఇలాంటి బళ్ళు నా దగ్గరికి గేర్‌బాక్స్ ఎక్కాక వస్తాయి. తాళం తిప్పితే స్టార్ట్ కాదు, ఒకవేళ స్టార్ట్ అయినా డాష్‌బోర్డు మీద ఇంజిన్ చెక్ లైటు ఆరదు. గేర్‌బాక్స్ కొనకముందే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సంగతి తేల్చుకోండి, లేకపోతే బండి షాపులో నెలలు పడి ఉంటుంది.

అసలు దానికంటే ముందు ఒక పరీక్ష. మీది సీట్లు మునిగిన బండి. గేర్‌బాక్స్‌ని నడిపే కంప్యూటర్ టీసీఎం, దాని కనెక్టర్లు, గేర్‌బాక్స్ పైన ఉండే సాకెట్టు విప్పి చూశారా? వరద బళ్ళలో ఆ పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంటాయి. కరెంటు సరిగ్గా అందకపోతే గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకోవడానికి ఒకే గేరులో ఉండిపోతుంది. మీరు చెప్పిన లక్షణం అది కాదు, ఇంజిన్ అరుస్తూ బండి లాగకపోవడం ప్లేట్లు జారడమే అనిపిస్తోంది. అయినా స్కానర్ పెట్టించి కోడ్లు రాయించుకోండి, కింద ఆయిల్ పాన్ విప్పించి నల్లటి మడ్డి ఉందో లేదో చూడండి. మడ్డి ఉంటే ఇక సందేహం లేదు.

ఇప్పుడు మార్పిడి సంగతి. ఆటోమేటిక్ బండిలో సెల్ఫ్ తిరగాలంటే లివర్ పీ (పార్కింగ్) లోనో ఎన్ (న్యూట్రల్) లోనో ఉందని గేర్‌బాక్స్ మీద ఉన్న స్విచ్ చెప్పాలి. ఆ గేర్‌బాక్స్ తీసేస్తే ఆ స్విచ్ కూడా పోతుంది, సెల్ఫ్ తిరగదు. అందరూ చేసేది ఏమిటంటే రెండు వైర్లు ముడేసి ఎప్పుడూ ఎన్ లోనే ఉన్నట్టు నమ్మిస్తారు. స్టార్ట్ అవుతుంది, పని అయిపోయింది అనుకుంటారు. గుంటూరులోనే ఒకాయన బండికి ఇలాగే చేశారు. మొదటి గేరులో పెట్టి ఆపిన బండి, పొద్దున్నే ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు, బండి ఎగిరి గోడకి కొట్టుకుంది. వాళ్ళ పిల్లాడు స్కూల్ బ్యాగు తగిలించుకుని అప్పుడే ఆ గోడ పక్క నుంచి ఇవతలికి వచ్చాడు. ఆ బండి నా దగ్గరికి వచ్చినప్పుడు నేను చేసిన పని చాలా చిన్నది, క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్ పెట్టి ఆ వైరుని దాని గుండా తిప్పాను. క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. స్విచ్ ఖరీదు ఎంతో కాదు. మీరు ఎవరి చేత చేయించినా ఇది లేకుండా బండి ఇంటికి తీసుకురావద్దు, ఇది నా విన్నపం.

ముడేయడంలో ఇంకో చిక్కు ఉంది. కొన్ని బళ్ళలో లివర్ పీ, ఎన్ లలో ఉన్నప్పుడు ఇంజిన్‌ని ఒక హద్దు దాటి తిరగనివ్వరు. ఎప్పుడూ ఎన్ లోనే ఉందని ఈసీఎం నమ్మితే హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంజిన్ అక్కడే ఆగిపోయి దగ్గుతుంది. దానికి తోడు టీసీఎం తీసేస్తే ఈసీఎం దాని కోసం వెతుకుతూ యూ0101 అనే కోడు వేస్తుంది, అంటే టీసీఎంతో మాట కలవడం లేదని అర్థం. లివర్ స్విచ్‌కి పీ0705 రావచ్చు. టీసీఎం ఉంచేస్తే అది పాత గేర్‌బాక్స్‌తో పాటే పోయిన సోలినాయిడ్ల (కరెంటుతో పనిచేసే వాల్వుల) కోసం ఏడుస్తుంది. చెక్ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే, రేపు నిజంగా ఇంజిన్‌లో సెన్సార్ పోయినా మీకు తెలియదు.

సరైన దారి ఒకటే, తుక్కు బండి నుంచి మాన్యువల్ ఈసీఎం కూడా తెచ్చుకోవడం. కానీ ఈసీఎంకి తాళంలో ఉండే చిప్పుతో ముడి ఉంటుంది, ఇమ్మొబిలైజర్. ఈసీఎం ఒక్కటే తెస్తే బండి స్టార్ట్ కాదు. దానితో పాటు ఇమ్మొబిలైజర్, ఆ బండి తాళం కూడా అడిగి తీసుకోండి, లేదా కొత్తగా తాళం నమోదు చేసే టూల్ ఉన్నవాళ్ళని ముందే మాట్లాడుకోండి. తుక్కు షాపువాళ్ళు తాళం పారేస్తుంటారు, బేరం చేసేటప్పుడే చెప్పాలి.

మిగతావి చిన్నవి కానీ మర్చిపోతారు. రివర్స్ లైటు స్విచ్ ఇప్పుడు మాన్యువల్ గేర్‌బాక్స్ మీద ఉంటుంది, పాత వైరు దానికి కలపాలి. వేగం చెప్పే సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోవాలి, అది తెగితే స్పీడోమీటరే కాదు, పవర్ స్టీరింగ్ బరువు కూడా మారిపోతుంది. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సార్ ఫ్లైవీల్ పళ్ళనే చదువుతుంది, మీదాంట్లో ఎక్కడుందో చూపించమనండి. పీ లో పెడితే తప్ప తాళం బయటికి రాని ఏర్పాటు ఉంటే దాన్ని కూడా విడిపించాలి.

తెనాలి రోడ్డు:

నేను చేయించాను అన్నా, మీ బండి కాదు, 2007 నాటి పాత సెడాన్. గుంటూరులోనే ఒక షాపులో. పేరు రాయను, వాళ్ళు చివరికి తప్పు ఒప్పుకుని సరిచేశారు. నా అనుభవం చెప్తాను, ఎందుకంటే ఇదంతా రాతలో తేలిగ్గా ఉంటుంది, మూడుసార్లు గేర్‌బాక్స్ దించినవాడికే తెలుస్తుంది.

మొదటిసారి బిగించాక క్లచ్ వదులుతుంటే బండి గజగజ వణికేది. రెండో గేరులో ఒక మూలుగు. క్లచ్ ప్లేటు నాసిరకం అని మార్చారు, అదే వణుకు. మూడోసారి దించినప్పుడు నేను షాపులోనే కూర్చున్నాను, అన్నం కూడా అక్కడే తిన్నాను. లైటు పెట్టి చూస్తే ఇంజిన్ బ్లాకుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య రెండు బోలు పిన్నులు ఉండాలి, డోవెల్స్, మన చిటికెన వేలు మందం. ఒకటి ఉంది, ఒకటి లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దించినప్పుడు ఆ పిన్ను దానితో పాటే వెళ్ళిపోయింది, ఎవరూ చూసుకోలేదు. గేర్‌బాక్స్ వెంట్రుక వాసి కిందికి కూర్చుంది. ఇన్‌పుట్ షాఫ్టు వంకరగా తిరుగుతూ క్లచ్ ప్లేటు మధ్య పళ్ళని తినేసింది, బేరింగుని కూడా. ఆ పిన్ను పాత గేర్‌బాక్స్‌లోనే దొరికింది, షాపు వెనక తుక్కులో, ఇంకా నూనె కూడా ఆరలేదు. కొత్త బేరింగు, కొత్త ప్లేటు, ఆ పిన్ను పెట్టి బిగించాక బండి పాల మీద మీగడలా కదిలింది. మూడేళ్ళయింది, ఇప్పటికీ నడుపుతున్నాను.

కాబట్టి పాత గేర్‌బాక్స్ దించిన వెంటనే ఆ రెండు పిన్నులు ఎక్కడున్నాయో మీరే చూడండి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఒక పల్చటి రేకు కూడా ఉంటుంది, మాన్యువల్‌ది వేరుగా ఉంటే అది కూడా తెచ్చుకోవాలి. ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు నడిమికి తెచ్చే రాడ్డు వాడమనండి, గేర్‌బాక్స్ బరువంతా ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడనివ్వొద్దు, జాకీ పెట్టి సమంగా తోయాలి. బోల్టులు తిప్పి లాక్కోవడం మొదలుపెడితే అక్కడే ఆపండి.

పెడల్ గురించి ఒక మాట. డాష్‌బోర్డు కింద పడుకుని టార్చి వేసి చూడండి, క్లచ్ కేబుల్ వచ్చే చోట ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ లోపలికీ మధ్య ఉండే రేకు గోడకి) రబ్బరు మూత గానీ నొక్కు గుర్తు గానీ ఉందా అని. ఒకే బాడీతో రెండు రకాలూ అమ్మిన బళ్ళలో ఆ చోటు తయారుగానే ఉంటుంది. నా బండికి ఉంది, కోయక్కర్లేకపోయింది. బ్రేక్ పెడల్ కూడా మార్చండి, ఆటోమేటిక్‌ది వెడల్పుగా ఉంటుంది, క్లచ్ తొక్కబోయిన కాలు దాని మీద పడుతుంది. ఆటోమేటిక్ ఆయిల్ చల్లబడటానికి రేడియేటర్‌కి వెళ్ళే రెండు పైపులు తీసేశాక ఆ రంధ్రాలకి రబ్బరు టోపీలు పెట్టించండి.

బందరు రోడ్డు:

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 అని ఉంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. మీ విషయంలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్లు ఏవీ మారడం లేదు, అదే మోడల్ మాన్యువల్‌గా కంపెనీయే అమ్మింది. అయినా అది మనకి మనం చెప్పుకునే వాదన, ఆఫీసు వాళ్ళది వేరుగా ఉండొచ్చు. ఆర్సీలో మోడల్ పేరు దగ్గర ఆటోమేటిక్ అని ఉందేమో చూడండి. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో కాగితం మీద అడిగి, కాగితం మీదే జవాబు తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతలో తెలియజేయండి. చెప్పకుండా చేయించి రేపు వారధి మీద ఏదైనా జరిగితే వాళ్ళు మొదట వెతికేది ఇదే. తుక్కు బండి విడిభాగాలకి బిల్లు తీసుకోండి, ఆ బండి నంబరు బిల్లు మీద రాయించండి, దొంగ బండి సామాను కాదని మీ దగ్గర రుజువు ఉండాలి.

సింగ్‌నగర్ డిజైర్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇన్ని రోజులు జవాబు రాయనందుకు ఏమీ అనుకోకండి, మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటి చేసి రాద్దామని ఆగాను.

గుంటూరు అన్న చెప్పినట్టు ముందు స్కానర్ పెట్టించాం, కనెక్టర్లు విప్పాం. రెండు పిన్నుల మీద చిలుం ఉంది, కడిగించాం, జారుడు తగ్గలేదు. తర్వాత పాన్ విప్పారు. అడుగున కాటుక లాంటి మడ్డి, అయస్కాంతం చుట్టూ ముళ్ళపందిలా ఇనుప రజను. నిన్న గేర్‌బాక్స్ దించి లోపలి ప్లేట్లు తీసి చూపించారు. ఒక ప్లేటు నా చేతికిచ్చి గోటితో గీకమన్నాడు మెకానిక్, గీకితే పూత తడిసిన పోస్టర్ లాగా పొరగా ఊడి వచ్చింది, లోపల ఉక్కు మెరుస్తోంది. ఇంకా ఎన్నాళ్ళు నడిచేదో అని అక్కడే నిలబడి చాలాసేపు చూశాను. నాన్నకి ఫోన్ చేసి చెప్తే, పదేళ్ళు నా కాలికి బదులు అదే పనిచేసింది రా, ఇక వదిలేయ్ అన్నారు.

రిట్జ్ వద్దనుకున్నాం. వెనక డిక్కీ నలిగిపోయిన 2013 స్విఫ్ట్ పెట్రోల్ ఒకటి ఆటోనగర్‌లోనే విప్పుతున్నారు. గేర్‌బాక్స్, యాక్సిళ్ళు, పెడల్ సెట్టు, కేబుళ్ళు, మౌంటింగు, సెల్ఫ్, ఈసీఎం, ఇమ్మొబిలైజర్, తాళం అన్నీ కలిపి బేరం కుదిరింది. తాళం అయితే డ్రాయర్లో వెతికించి మరీ తీసుకున్నాను. బిల్లు మీద బండి నంబరు రాయించాను. అడ్వాన్స్ మాత్రమే ఇచ్చాను, ఆర్టీఏ ఆఫీసులో అర్జీ పెట్టాను, ఆ జవాబు కాగితం వచ్చాకే మిగతా డబ్బు ఇచ్చి పని మొదలుపెట్టిస్తాను. అప్పటిదాకా పల్నాడు బస్సు, ప్యాసింజర్ రైలు.

డోవెల్ పిన్నులు రెండూ ఇంజిన్ బ్లాకులోనే ఉన్నాయి, తెనాలి రోడ్డు అన్నా, ఫోటో తీసి పెట్టుకున్నాను. ఫైర్‌వాల్ దగ్గర రబ్బరు మూత కూడా కనిపించింది, డాష్‌బోర్డు కింద దూరి చూసేసరికి మెడ పట్టేసింది కానీ అది చూసి ప్రాణం లేచి వచ్చింది. క్రాంక్ రంధ్రం, స్విఫ్ట్ ఇన్‌పుట్ షాఫ్టు రేపు లేత్ షాపాయన వచ్చి కొలుస్తానన్నాడు. ఆ అంకెలు ఇక్కడే పెడతాను, మెకానిక్ అన్నా, మీరు ఒకసారి చూసి చెప్పాలి.

గుంటూరు అన్నా, ఆ క్లచ్ స్విచ్ మీ చేత్తోనే పెట్టించుకోవాలని ఉంది. మీ షాపుకి బండి తీసుకురావాలా, మీరే విజయవాడ రాగలరా?

గుంటూరు వైరింగ్:

వస్తాను తమ్ముడూ. గేర్‌బాక్స్ ఎక్కాక డాష్‌బోర్డు మూయకముందే కబురు పెట్టు, ఆదివారం అయితే పొద్దున్నే బయల్దేరి పది గంటలకల్లా ఆటోనగర్ గేటు దగ్గర ఉంటాను. పాత లివర్ స్విచ్ సాకెట్టు మాత్రం కోసేయనివ్వొద్దు, పొడుగు వైరుతో అలాగే ఉంచమను.